పటాలం లేని సుబేదారు

తిరువూరులో ఆయన్ని సుబేదారు గారంటారు. పటాలంలో ఒక్క పూట పనిచేసిన మనిషి కాదు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు. కుర్రతనంలో మిలట్రీ సెలక్షన్‌కి వెళ్లారు. గాలి పీలిస్తే ఛాతీ అయిదు సెంటీమీటర్లు పొంగాలి. మాస్టారి ఛాతీ పీల్చకముందు ఎంతో పీల్చాకా అంతే ఉంది. టేపు పట్టుకున్న హవల్దారు “పీల్చిన గాలి ఎక్కడికి పోతోందయ్యా?” అని ఆశ్చర్యపోయాడట. ఎక్కడికి పోయిందో మా ఊరికి ఇప్పుడు తెలుసు. సాయంత్రం అయిదయిందంటే టీకొట్టు బల్ల మీద ప్రపంచయుద్ధమై బయటికొస్తుంది.

యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లు ఎక్కడ చెక్కి ఉన్నా ఎత్తి రాసుకురావడం, ఒక్కో పేరు వెనకున్న మనిషిని వెతకడం ఆయన వ్యాపకం. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎక్కడ పోయాడు, ఎలా పోయాడు అని నోటుపుస్తకంలో గడులు గీస్తారు. అన్నీ నిండితేగాని పేజీ తిప్పరు. గడికి రెండు రుజువులు కావాలి. ఒకటే దొరికితే పెన్సిల్‌తో రాస్తారు, రెండోది దొరికాక ఇంకు పెడతారు. పుస్తకం మొత్తం చూస్తే పెన్సిలే ఎక్కువ.

ఈ జాతి మనుషులు ఇంగ్లండులో ఊరికొకరు ఉంటారు. అక్కడ దాదాపు ప్రతి ఊరి నడిబొడ్డునా ఓ రాతిస్తంభం, దాని మీద పేర్లు, దాని చుట్టూ తిరిగే ఓ పెన్షనర్. మన వైపు ఈ జాతి అరుదు, ఎందుకంటే పోయినవాళ్ల పేర్లున్న రాయే దొరకదు. మన శిలాఫలకం మీద ముందు మంత్రిగారు, తర్వాత ఎమ్మెల్యే, ఎంపీపీ, సర్పంచి, ఇంజినీరు, కాంట్రాక్టరు వస్తారు. బతికున్నవాళ్లకే చోటు చాలక గొడవలవుతుంటే పోయినవాళ్లని ఎక్కడ ఇరికించడం?

అందుకని మాస్టారు రాయిని వెతుక్కుంటూ బస్సెక్కారు. విస్సన్నపేట, నూజివీడు, ఏలూరు మీదుగా తాడేపల్లిగూడెం, అక్కణ్ణుంచి మాధవరం. మిలటరీ మాధవరం అంటేనే జనానికి తెలుస్తుంది. ఢిల్లీ అమర్ జవాన్ జ్యోతిని పోలిన స్మారకం ఉన్న ఊరు అది. మొదటి ప్రపంచయుద్ధానికి తమ ఊరి నుంచి 90 మంది, రెండోదానికి వెయ్యి పైచిలుకు వెళ్లారని అక్కడివాళ్లు లెక్క చెబుతారు. మాస్టారికి అది తిరుపతి కంటే ఎక్కువైంది. అయితే చిన్న చిక్కొచ్చింది. పిల్లల పేర్లకి మేజర్, కెప్టెన్ అని తగిలించే ముచ్చట కూడా ఆ ఊరికుందని పత్రికలు రాశాయి. “కెప్టెన్ గారున్నారా?” అని మాస్టారు ఓ గుమ్మం ముందు అటెన్షన్‌లో నిలబడితే, “బడికెళ్లాడండీ, నాలుగింటికొస్తాడు” అన్నారట.

ఆయన పద్ధతులు పద్ధతిగా ఉంటాయి. అరిగిన అక్షరాల మీద మొదట్లో బియ్యప్పిండి జల్లి చదివేవారు. ఊళ్లో ఆడవాళ్లు మూగి “మాస్టారూ, ముగ్గా?” అని అడగడం, రాతికి చీమలు పట్టడం జరిగాక టార్చిలైటుకు మారారు. పొద్దుగూకాక లైటుని రాతికి పక్కవాటుగా పెడితే అక్షరం లోపలి నీడ లేచి కనబడుతుంది. పగలు పనికిరాదు. అందుకే చీకట్లో రాతి ముందు బోర్లాపడుకున్న పెద్దమనిషి కనబడితే తిరువూరు వాళ్లు కంగారు పడరు. పొరుగూరి వాళ్లు మాత్రం నిధి కోసం తవ్వుతున్నాడేమోనని గునపాలు పట్టుకొస్తారు.

రాతి పని అయ్యాక కాగితం పని. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ అని ఒకటుంది, 1917లో పెట్టారు. రెండు ప్రపంచయుద్ధాల్లో పోయిన 17 లక్షల మంది దాని పద్దుల్లో ఉన్నారు. మాస్టారు ఫోన్లో ఆ జాబితా తెరిచి కృష్ణా జిల్లాని ఆనాటి దొరల స్పెల్లింగు ‘కిస్ట్నా’తో వెతుకుతారు. తర్వాత సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయల పోస్టలార్డరు. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కి, మద్రాస్ సాపర్లయితే బెంగుళూరుకి, ఫిరంగి దళమైతే నాసిక్‌కి. పింఛను లేని సిపాయి కాగితాలు పాతికేళ్లు దాటితే ఉంచనక్కర్లేదన్నది పాత నిబంధన. ఆ నిబంధన ఉటంకిస్తూ జవాబొచ్చినా మాస్టారు మురిసిపోయి ఫైల్లో పెట్టుకుంటారు. “కాగితం లేదని కాగితం ఇచ్చారు, చూడు” అంటారు.

ఎవరింట్లో పెద్దకర్మ జరిగినా భోజనాల బంతిలో ముసలివాళ్ల పక్కన ఆయన ఉంటారు. గోడ మీద వేంకటేశ్వరస్వామి పక్కన యూనిఫారం ఫోటో కనబడితే అడక్కుండా మేకు నుంచి దించుతారు. ఆయనకి ఫోటో ముందు కంటే వెనక ముఖ్యం. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో వేసిన తేదీ, అదృష్టముంటే పటాలం నంబరు ఉంటాయి. అదృష్టం లేకపోతే బల్లి ఉంటుంది.

ఈ ఇళ్లలో ఆయన పడే యుద్ధం ఒకటే, హోదా యుద్ధం. ఏ ఇంటికెళ్లినా “మా ముత్తాత కెప్టెనండీ” అనే మొదలవుతుంది. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుంటారు. “ఏ యుద్ధం?” “మొదటిదే.” “డాక్టరా?” “కాదు, ఫైటింగే.” అంతే, క్లాసు మొదలు. వైద్య శాఖని వదిలేస్తే, మనవాడికి రాజుగారి కమిషన్ ఇవ్వడానికి తెల్లవాళ్లు ఒప్పుకున్నదే 1917లో, అదీ వేళ్ల మీద లెక్కపెట్టేంతమందికి. అప్పటిదాకా కాల్బలంలో ఎంత పొడుగు మీసమున్నా జమేదారు, సుబేదారు, మహా అయితే సుబేదారు మేజరు. ఇంట్లోవాళ్ల మొహాలు వాడిపోతాయి. తెచ్చిన కాఫీ కూడా సగం దారిలో వెనక్కి పోతుంది.

ఇంకాస్త కోపం తెప్పించే లెక్క కూడా ఆయన దగ్గరుంది. మొదటి ప్రపంచయుద్ధానికి మద్రాసు రాజధాని నుంచి చేరినవాళ్లు సుమారు 92 వేల మంది. అందులో 51 వేల మంది ఆయుధం పట్టినవాళ్లు. తక్కిన 41 వేల మంది వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు, రోడ్డు కూలీలు. “మరి మన జిల్లాలో ఇంటింటికీ కెప్టెనుంటే ఈ 41 వేల మంది ఎవరి తాతలు?” అని అడుగుతారు మాస్టారు. ఆ ప్రశ్న తర్వాత ఆయన్ని మళ్లీ పిలిచిన ఇల్లు తక్కువ.

హోదా పెంచితే చిరాకు పడే మనిషి పేరు తీసేస్తే మాత్రం రగిలిపోతారు. ఆ యుద్ధం అయ్యాక సర్కారు మన దేశంలో చాలా ఊళ్లలో రాళ్లు పాతించింది. ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని అంకెలుంటాయి, పేరు ఉండదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం ఇంకా ఘోరం. దాని మీద ఆఫీసర్లకి పేర్లున్నాయి. భారతీయ సిపాయిల వంతు వచ్చేసరికి పటాలం పేరు కింద ‘ఇంకా ఇంతమంది’ అని సంఖ్య వేసి సరిపెట్టారు. యుద్ధ సమాధుల కమిషనే 2021లో ఈ పక్షపాతం మీద నివేదిక వేసి క్షమాపణ చెప్పింది. ఆ వార్త వచ్చిన రోజు మాస్టారు టీకొట్టులో అందరికీ టీ ఇప్పించారు. “లండన్ మనకి సారీ చెప్పింది” అన్నారు. టీకొట్టు వాడు “బాకీ కూడా తీరుస్తుందాండీ?” అని అడిగాడు.

ఇంట్లో ఆయన పలుకుబడి అంతంత మాత్రం. సాయంత్రం అయిదుని పదిహేడు వందల గంటలంటే అమ్మగారు పలకరు. కుటుంబమంతా ఢిల్లీ వెళ్లినప్పుడు పిల్లలు ఐస్‌క్రీం తింటుంటే, ఈయన బైనాక్యులర్స్ పెట్టి ఇండియా గేట్ మీది పేర్లు చదవడం మొదలెట్టారు. అక్కడున్నవి 13 వేల పైచిలుకు. పోలీసు విజిలేసేదాకా కదల్లేదు. “బర్మాలో పోయినవాళ్లు ఇంకెక్కడికీ పోరు గాని, ముందు గ్యాస్ బుక్ చేయండి” అన్నది అమ్మగారి శాశ్వత ఆదేశం.

ఈమధ్య చుట్టుపక్కల ఓ పల్లెలో మామిడితోటల ఆసామి ఒకాయన కొత్త ఇల్లు కట్టాడు. గేటు పక్కన గ్రానైటు పలక మీద ‘కెప్టెన్ నిలయం’ అని చెక్కించాలని ముచ్చట. రెండో ప్రపంచయుద్ధంలో బర్మాలో పోయిన పెద్దతాతగారి గౌరవార్థం. పటాలం పేరు స్పెల్లింగు కోసం మాస్టారికి కబురు పెట్టాడు. అంతకంటే తాచుపాముకి కబురు పెట్టడం మేలు. మాస్టారు వారం తర్వాత నోటుపుస్తకంతో దిగారు.

“దొరికాడోయ్. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో దాదాపు 27 వేల పేర్లున్న స్మారకం ఉంది. అందులో మీవాడున్నాడు. 1944. హోదా, వంటవాడు.”

“వంటవాడా? పుస్తకంలో తప్పు పడిందేమో మాస్టారూ!”

“తండ్రి పేరు కలిసింది, ఊరు కలిసింది, నంబరు కలిసింది. కెప్టెనొక్కటే కలవలేదు.”

“తుపాకీ పట్టుకున్న ఫోటో ఉందండీ!”

“ఆ తుపాకీ స్టూడియో వాడిది. వెనకాల తాజ్‌మహల్ కూడా ఉంది. అదీ మీదేనంటావా?”

వసారాలో మంచం మీద నుంచి మామ్మగారు అందుకుంది. “ఒరే, మా బావగారు వంటకెళ్లాడనే మా అత్తగారు చెప్పేది. ఆయన్ని కెప్టెన్ని చేసింది మీ నాన్న, నీ పెళ్లిచూపులప్పుడు. కట్నం మాటలు నడుస్తున్నాయి కదా అని నేనూ నోరు మూసుకున్నా.”

మాస్టారు కుర్చీ లాక్కుని మంచం దగ్గర కూర్చున్నారు. “చెప్పండి మామ్మగారూ.”

“చెప్పడానికేముంది నాయనా. సెలవుకొస్తే ఆడవాళ్లని పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదంట. వంద మందికి వండే చెయ్యి, తగ్గించి వండటం మర్చిపోయింది. ఉన్నది ఆరుగురు, గుండిగ నిండా పప్పు. వీధి వీధంతా పిలిచి పెట్టేవాళ్లంట. ఆయన సెలవంటే మా మావగారికి భయం, గాదె ఖాళీ అవుతుందని.”

“ఏం పప్పు?”

“గోంగూర.”

మాస్టారు గోంగూర అని రాసుకుని కింద గీత గీశారు. ఆ పుస్తకంలో మెసపటోమియా, కోహిమా, ఇంఫాల్ ఉన్నాయి. దేనికిందా గీత లేదు.

“మరి పలక మీద ఏం చెక్కించమంటారు?” అన్నాడు ఆసామి, నీరసంగా.

“ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, 1944. కింద వంటవాడు అని.”

“బాగుందండీ! మిలట్రీ అని, వంట అని గేటు మీద రాస్తే మిలట్రీ హోటలనుకుని జనం లోపలికొస్తారు. బిర్యానీ ఉందా అని అడుగుతారు.”

“రానీరా,” అంది మామ్మగారు. “వచ్చినవాళ్లకి లేదనడం ఆయనకి తెలీదు.”

పలక ఇంకా పెట్టలేదు. ఇంట్లో పార్టీలు చీలాయి. ఆసామి కెప్టెన్ వైపు, మామ్మగారు వంటవాడి వైపు, కోడలు ఇవేమీ కాదు శ్రీనివాస నిలయం అంటోంది. మాస్టారికి ఆ ఇంట్లో ఓటు లేదు. ప్రచారం మాత్రం రోజూ ఉంది, పదిహేడు వందల గంటలకి, టీకొట్టు దగ్గర.