పుట్టాడు గానీ కార్డులో లేడు

మొత్తానికి కృష్ణ ఒడ్డున ఉన్న మా సోమశిలకు ఆరోగ్యం శాంక్షనయింది. అక్షరాలా 68 కోట్ల 10 లక్షలు. 2024 నవంబరులో కేంద్రం ఇచ్చిన ఆ పథకం పేరు ఒకసారి నోరారా పలకండి: సోమశిల వెల్‌నెస్ అండ్ స్పిరిచ్యువల్ రిట్రీట్. శ్రీశైలం డ్యాము నీళ్లు మీదికొచ్చినప్పుడు మా పెద్దలు లలితా సోమేశ్వరుడి గుడిని గట్టుకు చేర్చుకుని, కృష్ణ గాలి పీల్చుకుంటూ దండం పెట్టుకున్నారు. దాన్ని రిట్రీట్ అంటారని పాపం వాళ్లకెవరు చెప్తారు?

టూరిజం మీద నాకు కక్ష లేదు. రేవులో చేపలు వేయించి అమ్మేవాళ్లు నాలుగు రాళ్లు వెనకేసుకుంటే సంతోషమే. నా కడుపుమంటంతా ఆ వెల్‌నెస్ అనే మాట మీద. హైదరాబాదులో అలిసిపోయి వచ్చినవాడికి వెల్‌నెస్, ఈ ఒడ్డున పుట్టినవాడికి పది లక్షల ఫ్లెక్సీ.

అవును, పది లక్షలు. 2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీలో ఐదు లక్షలను పది లక్షలు చేశారు. అందులోంచి మా పక్కింటి అవ్వ మనవడికి ఏం ముట్టిందో చెప్తాను వినండి.

పిల్లగానికి మూడేళ్లు. అంగన్‌వాడీకి వచ్చిన డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చూసి, గుండెలో రంధ్రం ఉందేమో చూపించుకొమ్మంది. ఆమెకు వేయి దండాలు. 2025 మొదట్లో పట్నంలో ఒక పెద్దాసుపత్రికి పోయారు. కౌంటర్లో మొట్టమొదటి ప్రశ్న బిడ్డకేమైందని కాదు. ‘‘కార్డులో బాబు పేరుందా?’’

లేదు. రేషన్ కార్డులో తాత ఉన్నాడు, అవ్వ ఉంది, తల్లీతండ్రీ ఉన్నారు. ఎప్పుడో పోయిన ముత్తవ్వ కూడా పదిలంగా ఉంది. బతికున్న పిల్లగాడే లేడు.

‘‘మనిషి ఈడ్నే ఉన్నడు గద సారూ, సంకల ఎత్తుకోని నిలవడ్డ గద!’’ అందట అవ్వ. మనిషి ఉంటే ఏం లాభం అవ్వా?

పేరు ఎక్కించమని మీసేవలో అర్జీ పెట్టలేదా అంటే పెట్టారు. రశీదు మడతలు పడి చిరిగింది. 2021లో హుజూరాబాద్ ఉపఎన్నిక ముందర ఒక విడత కార్డులు రాల్చి, మళ్లీ 2025 దాకా ఆ తలుపు మూసేశారు. ఆ నడుమ పుట్టిన పిల్లలు సర్కారు లెక్కలో కడుపులోనే ఉండిపోయారు.

నాకు అర్థం కానిది ఇదీ. బిడ్డ పుట్టినట్టు పంచాయతీ ఒప్పుకుంది, సర్టిఫికెట్ ఇచ్చింది. ఆధార్ ఒప్పుకుంది, నీలం రంగు కార్డిచ్చింది. పోలియో చుక్కలమ్మ ఇంటికే వచ్చి, నోట్లో రెండు చుక్కలేసి, వేలికి గుర్తు పెట్టి, గోడ మీద సుద్దతో రాసి పోయింది. ఆమె ఏనాడూ రేషన్ కార్డు అడగలేదు. చుక్కలకు అక్కరలేని కార్డు గుండెకెందుకు? బియ్యం తూచడానికి పెట్టిన కార్డుతో పసివాడి ప్రాణం తూచడమేమిటి?

ఆగస్టులో పేరు ఎక్కింది. కాగితాలన్నీ పట్టుకుని సెప్టెంబరులో మళ్లీ పోయారు. సరిగ్గా ఆ వారమే బకాయిలు కట్టలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. జనవరిలో ఒకసారి ఆపారు, ఇది రెండోసారి. తర్వాత ఎలాగో ఆపరేషనైంది. పిల్లగాడు బాగున్నాడు. తిరుగుళ్లకు చేసిన అప్పు కూడా బాగానే ఉంది.

సిగ్గుండాలి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో మా పాలమూరు ఒకటి. ఈ మట్టిలో మొలిచిన పథకం ఇన్నేళ్లకూ ఈ మట్టిలో పుట్టిన బిడ్డను గుర్తుపట్టదు! (వనపర్తిలో, నాగర్‌కర్నూలులో, గద్వాలలో మెడికల్ కాలేజీలు పెట్టారు. సంతోషం. మేము మాత్రం ఇంకా పట్నం బస్సే ఎక్కుతున్నాం.) అయినా పిల్లలకు వచ్చేవి బైపాస్‌లా? జ్వరం, విరేచనాలు, నిమ్ము. ఓపీ చీటీ, రక్తపరీక్ష, సిరప్ సీసా. ఈ ఓపీ ఖర్చులకు ఆ పది లక్షల్లోంచి పది రూపాయలు రాలవు.

2024 అక్టోబరులో కేంద్రం డెబ్బై నిండినవాళ్లందరికీ ఆదాయం చూడకుండా ఐదు లక్షల బీమా ఇచ్చింది. మంచి పని. వయసు చూసి ఇవ్వొచ్చని ఒప్పుకున్నట్టే కదా? మరి ఆ కొసన ఇచ్చినవాళ్లకు ఈ కొస ఎందుకు కనబడదు? ఈ కొసనున్నవాళ్ల వేలికి పోలియో గుర్తే గాని ఓటు సిరా ఉండదు, అందుకు.

ఎమ్మెల్యే సార్లూ, మీ దవాఖానా బిల్లులు సర్కారే కడుతుంది, మేమేమీ అనలేదు. అసెంబ్లీలో ఒక్కపూట లేచి నిలబడి అడగండి. కాన్పయిన రోజే బిడ్డ పేరు ఆరోగ్యశ్రీలో పడాలి, పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఏ కార్డూ అడగొద్దు, ఓపీ ఖర్చూ కలపాలి, ఆసుపత్రుల బిల్లులు ఏ నెలవి ఆ నెల కట్టాలి. అందరికంటే ముందు లేవాల్సింది మా కొల్లాపూర్ ఎమ్మెల్యే గారు. టూరిజం మంత్రీ ఆయనే కాబట్టి వెల్‌నెస్ అంటే ఏమిటో తెలిసే ఉంటుంది.

మొన్న రేవులో శ్రీశైలం లాంచీ కోసం జనం వరుసకట్టారు. పెద్దలకు ఒక రేటు, పిల్లలకు ఒక రేటు. టికెట్లిచ్చే అబ్బాయి ఒక తల్లి చంకలోని పిల్లవాణ్ని చూశాడు, ఎన్నేళ్లమ్మా అన్నాడు, ఆమె చెప్పింది నమ్మాడు. కార్డు అడగలేదు.