వేన్నీళ్ల జాతి, చన్నీళ్ల యాత్ర

ధనుర్మాసంలో చన్నీటి స్నానం పట్ల సగటు తెలుగు గృహస్థుకు గల వైముఖ్యం సర్వవిదితం. బకెట్లో హీటరు వేసి, నీళ్లు పొగలు కక్కేదాకా స్నానాలగది గడప తొక్కని ఈ వ్యక్తే అదే మాసంలో సెలవు పెట్టి, కుటుంబ సమేతంగా వందల కిలోమీటర్లు ప్రయాణించి, ఎవరూ కాచి ఇవ్వని నీటి కింద తల పెట్టి నిలబడటానికి స్వచ్ఛందంగా డబ్బు ఖర్చు చేయడం శాస్త్రీయ పరిశీలనకు అర్హమైన విషయం. దీన్ని ప్రకృతి ప్రేమగా వ్యాఖ్యానించడం వాడుకలో ఉన్నది గానీ, దగ్గరగా చూసినవారికి ఆ వ్యాఖ్యానం నిలబడదు.

మొదట చిక్కు కాలంతోనే వస్తుంది. నైరుతి రుతుపవనాలు, అనగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా తెలుగునాట ప్రధాన వర్షాలను కురిపించే గాలులు, జలపాతాలను నిండుగా దూకించే కాలంలోనే వాగులు పొంగుతాయి, దారులు తెగుతాయి, ములుగు జిల్లా వాజేడు మండలంలోని బొగత వంటి చోట్ల వరద ఉద్ధృతిని బట్టి సందర్శకులను దగ్గరికి రానివ్వరు. దారులు ఆరి, పిల్లలకు సెలవులు దొరికి, క్రిస్మస్‌కూ సంక్రాంతికీ మధ్య తీరిక చిక్కేసరికి నీటిధార సన్నబడి ఉంటుంది. నేరడిగొండ మండలంలో కడెం నదిపై ఉన్న కుంటాల ఇందుకు మంచి ఉదాహరణ: ఆదిలాబాద్ చలి తెలంగాణలో పేరెన్నిక గన్నది కాబట్టి, జనవరిలో అక్కడికి వెళ్లినవారికి నీటిలో కొంత తగ్గినా చలిలో ఏ లోటూ జరగదు. తిరుపతి జిల్లాలోని తలకోన ఒక్కటి ఈ విషయంలో న్యాయంగా ప్రవర్తిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య రుతుపవనాలు శేషాచలం కొండలను అప్పుడే తడిపి ఉంటాయి గనుక, సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి పడే ఆ ధారకు చలికాలంలోనూ కాస్త పరువు మిగులుతుంది.

అయినా ఈ యాత్రా సంప్రదాయానికి రాజధాని అరకు ప్రాంతమే. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలు యాభైకి పైగా సొరంగాలు దాటుతూ తూర్పు కనుమలెక్కుతుంది. ప్రతి సొరంగంలోనూ పెట్టె చీకటి కాగానే కేకలు వేయడం ప్రయాణికుల బాధ్యతగా స్థిరపడింది, పైగా 2017లో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టె వచ్చాక చీకటిని నాలుగు వైపుల నుంచీ చూసే సౌకర్యం కూడా కలిగింది. బొర్రా దగ్గర దిగినవారిని కటికి జలపాతానికి తీసుకుపోయే జీపులు ఆ రాళ్ల దారిలో సందర్శకుడి శరీరంలోని కీళ్లన్నిటినీ విడివిడిగా పరిచయం చేస్తాయి. ఐదుగురు పట్టే చోట పదిమందిని సర్దగల జీపు డ్రైవరు నైపుణ్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. దాని ఫలితం ఈ వ్యాసంలో తర్వాత వస్తుంది.

వానలు వెళ్లిపోయి నెలలు గడిచినా అక్కడ నీరెలా పారుతుందన్న ప్రశ్నకు భూగర్భశాస్త్రం జవాబు చెబుతుంది. కొండలపై కురిసిన వానలో కొంత భాగం నేలలోకీ రాతి పగుళ్లలోకీ ఇంకి, తొందర లేకుండా కిందికి దిగుతూ వాగుల్లోకి ఊరుతుంది. వాన లేని రోజుల్లో వాగును నడిపే ఈ ఊటనే మూలప్రవాహం అంటారు. ఎర్రమట్టిని మోసుకొచ్చే వరద అణగిపోవడం వల్ల చలికాలపు ధార సన్నగా ఉన్నా తేటగా ఉంటుంది. అడుగున ఉన్న నాచు పట్టిన బండ స్పష్టంగా కనిపిస్తుంది, కనిపించినా దానిపైనే కాలు వేయడం ఆనవాయితీ.

ఇక నీటి ఉష్ణోగ్రత విషయం. ముందుగా దిగిన బావమరిది ఒడ్డున వణుకుతున్న పెద్దవారిని ఉద్దేశించి, "వెచ్చగానే ఉన్నాయి బావా, దిగాక చలుండదు" అని పిలవడం ప్రతి జలపాతం దగ్గరా వినబడే మాట. తన పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు మధ్య అతడు చెప్పే ఈ మాటను శుద్ధ అబద్ధంగా కొట్టివేయడం పండితులకు తగదు. భూమిలోపలి నీరు ఋతువులతో అంతగా మారక, ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, డిసెంబరు తెల్లవారుజామున ఊట దగ్గరి నీరు పైనున్న గాలికంటే నిజంగానే వెచ్చన, చెలమల మీద పొగలా ఆవిరి లేవడానికి కారణం ఇదే. పైగా లోయలలో చలి ఒక వింత పద్ధతి పాటిస్తుంది: రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేయగా, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది. పైకి పోయేకొద్దీ చలి పెరగాల్సింది పోయి కిందే ఎక్కువ కావడాన్ని ఉష్ణ విలోమం అంటారు.

అయితే బావమరిది దాచిన సత్యం మరొకటి ఉన్నది. గాలితో పోలిస్తే నీటికి ఉష్ణవాహకత్వం, అనగా వేడిని ఒక చోటినుంచి మరొక చోటికి చేరవేసే గుణం, సుమారు 24 రెట్లు ఎక్కువ. కాబట్టి థర్మామీటరు దృష్టిలో వెచ్చనైన నీరు వీపు దృష్టిలో వెచ్చన కాదు. దీనికి తోడు పడుతున్న నీరు తనతో పాటు గాలిని కిందికి లాక్కొచ్చి, తుంపరతో కలిపి చుట్టూ విసురుతుంది గనుక, ధార కిందికి పోనివారికి కూడా సమన్యాయం జరుగుతుంది. తల మీద ధార పడిన క్షణాన ఊపిరి ఎగబీల్చి, నోట మాట రాక, అప్పటివరకు నాస్తికులుగా పేరు పడ్డవారు సైతం ఒక దేవుడి పేరు పలకడం శరీరం చల్లదనానికిచ్చే అసంకల్పిత ప్రతిస్పందనే తప్ప మతమార్పిడి కాదు. ఆ సమయంలో తీసిన ఫొటోలో మాత్రం అందరూ నవ్వుతున్నట్లే ఉంటారు.

ఈ సమూహంలో నిజమైన జ్ఞాని సామాన్ల కాపలాదారు. మంకీ క్యాప్ కింద మఫ్లరు, దానిపై శాలువా కప్పి, ఒళ్లో ఆరు సెల్‌ఫోన్లు, రెండు కళ్లజోళ్లు, ఒకరి మంగళసూత్రం పెట్టుకుని బండపై కూర్చునే ఈ పెద్దమనిషి నీటిని తాకకుండానే అభిప్రాయాలు చెప్పగలడు. అతడి చూపు ఎప్పుడూ జలపాతం వైపు ఉండదు. టీ కొట్టు వైపు ఉంటుంది. ఆ చూపులోనే ఈ యాత్రకు అసలు ప్రయోజనం దాగి ఉన్నది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చే బొంగు చికెన్‌ను నగరంలోనూ కొనవచ్చు. కానీ తడిసిన తువ్వాలు భుజాన వేసుకుని, గోళ్లు నీలిరంగుకు తిరిగిన చేతులతో ఆ నల్లబడిన బొంగు పగిలేవరకు కాచుకున్నవాడికి, చీలిన వెదురులోంచి వచ్చే ఆవిరి ముఖానికి తగలడం ఏ స్టార్ హోటలూ సమకూర్చలేని భోగం. చలిమంట సుఖం తెలియాలంటే ముందు చలి ఉండాలి. ఇంట్లో దుప్పటి దానిని చొరనివ్వదు కాబట్టి తెలుగువాడు దాన్ని కొండలకెళ్లి కొనుక్కుంటాడు. ఈ లెక్కన జలపాతం గమ్యస్థానం కాదు, టీకి ముందు తీసుకోవలసిన పథ్యం. దారిలో పొలాలను పసుపుగా మార్చే వలిసె పూలు, అనగా గిరిజన రైతులు నూనె కోసం పండించే పంట పూత, ఈ పథ్యానికి అదనపు లాభం. ఫొటోల కోసం ఆ చేలను తొక్కకుండా ఉంటే రైతుకు కూడా కొంత లాభం.

ఇల్లు చేరాక తుమ్ములు మొదలవుతాయి. ఇంటి పెద్దావిడ మిరియాల చారు కాస్తూ జలపాతాన్ని నిందిస్తుంది. కానీ జలుబు వైరస్ వల్ల మనిషి నుంచి మనిషికి వచ్చే వ్యాధి కాబట్టి, మొదట మంచం పట్టేది ధార కింద గంటసేపు నిలిచిన బావమరిది కాకపోవచ్చు; జీపులో పదిమంది మధ్య ఇరుక్కుని కూర్చున్న, ఒంటి మీద చుక్క నీరు పడని కాపలాదారే కావచ్చు. అప్పుడు కూడా అతడు తడవలేదన్న సంగతిని ఎవరూ నమ్మరు.