పడవ అక్కడ, పోటు ఇక్కడ

మెదక్‌కు సముద్రం లేదు. పోచారం ఉంది, ఘనపురం ఆనకట్ట ఉంది, ఏడుపాయల దగ్గర చీలిపోయే మంజీర ఉంది. వీటిలో చేపలు పట్టేవాళ్ల తెప్పల్ని మోయడానికి రెండు భుజాలు చాలు. అయినా ఈ ఊళ్లో, నల్లా వచ్చే పవిత్ర ఘడియలో, ఒక చేత్తో బిందె, ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇరవై ఎనిమిది అడుగుల మోటారు పడవకు తగిన ట్రైలర్ ఏదో తేల్చాల్సిన ధర్మసంకటం నాకు దాపురించింది. పడవ నాది కాదు.

బావమరిదిది. ఉండేది టెక్సాస్‌లో. అక్కడ రాత్రి భోంచేసి తీరిగ్గా కూర్చునే వేళకు ఇక్కడ పాలు పొంగుతుంటాయి, కూరగాయలబ్బి కేకేస్తుంటాడు, స్కూలు ఆటో హారన్ మోగుతుంటుంది. సరిగ్గా అప్పుడే వీడియో కాల్. "బావా, సింగిల్ యాక్సిలా, డబులా?" మీ ఇంట్లోనూ ఇలాంటి చుట్టమొకడు ఉండే ఉంటాడు, విడమర్చి చెప్పక్కర్లేదు. ఎత్తకపోతే మా ఆవిడ పుట్టింటి గౌరవం పోతుంది, ఎత్తితే నా బిందె పొర్లుతుంది. రోజూ పొర్లేది బిందే.

పోనీ చిన్న సమస్యా? కంపెనీ కాగితంలో వేసేది ఒట్టి పడవ బరువట. దాని మీద బ్యాటరీలు, లంగరు, ఐసు పెట్టె, నూరు గ్యాలన్ల పెట్రోలు (అదొక్కటే 270 కిలోల పైమాటే), ఒక్కోసారి ఇంజిన్ కూడా వేరే లెక్క, ఆపైన ట్రైలర్ సొంత బరువు. పడవ ఆనడానికి తివాచీ చుట్టిన చెక్క దూలాలా, రోలర్లా? దూలాలైతే బరువు సమంగా పంచుకుంటాయి, రోలర్లైతే లోతు తక్కువ రేవులోనూ పడవ సులువుగా జారుతుంది. ఉప్పునీళ్లకు గాల్వనైజ్డ్ ఇనుమా, అల్యూమినియమా? వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటితే రోడ్డెక్కడానికి పర్మిట్. హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ని రాయగిరి నుంచి 192 చక్రాల ట్రైలర్ మీద తెచ్చినప్పుడు కూడా ఇంత మంత్రాలోచన జరిగి ఉండదు. జరిగినా, నన్ను అడగలేదు.

చివరికి హుక్కు మీద ఎంత బరువు పడాలన్న మహాప్రశ్న వచ్చింది. మా వీధిలో ట్రాక్టర్ కిరాయికి తిప్పే అతన్ని అడిగాను. యాసంగి వడ్ల బస్తాలు ట్రాలీలో సర్దుతూ, తల తిప్పకుండానే చెప్పాడు: "ముంగట జర ఎక్కువ పడాలె సార్. ఎన్క ఎక్కువైతే ట్రాలీ ఊగుతది. మరీ ముంగటేస్తే ట్రాక్టర్ మూతి లేస్తది." చెప్తూనే వెనకున్న రెండు బస్తాలు ముందుకు లాగి, పిన్ను దించి, మడమతో ఒక తన్ను తన్ని, ఎగిరిపోకుండా తీగ చుట్టాడు. అమెరికా నిపుణులు చెప్పేదీ అదేనట: పడవ ట్రైలరైతే మొత్తం బరువులో పదో వంతుకు అటూ ఇటూగా హుక్కు మీద పడాలి. ఆ మాటే గంభీరంగా బావమరిదికి విన్నవించాను. "థ్యాంక్స్ బావా, ఇంకో డౌటు" అన్నాడు.

కాబట్టి పడవలు కొనే సమస్త బావమరుదులకూ ఇదే నా బహిరంగ విజ్ఞప్తి. డబుల్ యాక్సిల్ తీసుకోండి. రెండింటికీ బ్రేకులుండాలి. మొత్తం బరువు మీద కాస్త మిగులు చూసుకోండి. నీళ్లలో ముంచే ముందు బేరింగులు చల్లారనివ్వండి. ఇంకా డౌట్లుంటే ట్రాక్టరతని నంబరిస్తాను. అతను వాట్సాప్ వాడడు.