కొత్తూరు సందుగ ఆత్మకథ

నేనొక రేకు సందుగను. కోస్తావాళ్లు ట్రంకు పెట్టె అంటారు, మా కొత్తూరులో మాత్రం సందుగే. ముదురాకుపచ్చ రంగు, ముందర గొళ్లెం, రెండు పక్కలా ఇనుప కడియాలు. మూత మీద అరచేయంత సొట్ట ఒకటుంది. నన్ను చూసినవాళ్లంతా ముందు దాని సంగతే అడుగుతారు.

మా పెద్దాయన నన్ను కొన్నప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్లు. అవి 1960ల నాళ్లు. వానల్లేవు, చేలల్లో పని లేదు. మా ఊరు అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లాలోది, అంటే పాలమూరు. గుంపు మేస్త్రీలు అడ్వాన్సు చేతిలో పెట్టి, మట్టిపనికీ రాతిపనికీ మనుషుల్ని దేశం నలుమూలలకూ తీసుకుపోయేవాళ్లు. ఎక్కడ ఆనకట్ట లేచినా, ఎక్కడ కాలువ పారినా పాలమూరు లేబర్ పేరు వినపడేది. పెద్దాయన తల్లి నాలో రెండు ధోవతులు, ఒక గొంగడి, జొన్న రొట్టెల మూట సర్ది గొళ్లెం వేసింది. "పైలం కొడుకా" అని ఒక్క మాటే అన్నది.

తిమ్మాపూర్ స్టేషన్లో చిన్న రైలెక్కాం. అప్పుడు ఆ లైను మీటర్‌గేజీ. పట్నంలో పెద్ద రైలుకు మారి వాల్తేరులో దిగాం. అక్కణ్నుంచి లారీ మీద తూర్పు కనుమల్లోకి పోయాం. బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయాలని 1960లో ఒప్పందం కుదిరిందట. దానికోసమే కొత్తవలస నుంచి కిరండూలు దాకా సుమారు 445 కిలోమీటర్ల లైను. దారిలో 58 సొరంగాలు. ఆ లెక్కలు నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు తెలిసిందల్లా రాయి, చలి, పేలుడు మందు వాసన.

మందు పెట్టే ముందు ఈల వేసేవారు. కూలీలు దూరంగా పోయి బండల చాటున కూర్చునేవారు. కొండ కడుపులో ఉరుము ఉరిమినట్టయ్యేది. పొగ తగ్గాక తట్టలు, గడ్డపారలు పట్టుకుని లోపలికి పోయి రాళ్లెత్తేవారు. ఒకరోజు ఈల వినపడగానే పెద్దాయన గుడిసెకు వచ్చి, నన్ను మోకాళ్ల ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎగిరొచ్చిన రాయి నా మూత మీద పడింది. రేకు లోపలికి పోయింది, ఆయన మోకాలు దక్కింది. ఆ రాయిని ఆయన పారేయలేదు. గుడ్డలో చుట్టి నాలోనే పెట్టాడు.

ఊరికి తిరిగొచ్చాక నన్ను మంచం కిందికి తోశారు. కొత్తూరు నా కళ్ల ముందే మారింది. మా చిన్న లైను బ్రాడ్‌గేజీ అయింది. రోడ్డు పక్క జొన్నచేలల్లో ఫ్యాక్టరీలు లేచాయి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. పెద్దాయన మనవరాలికి అక్కడే ఉద్యోగం. చక్రాల సూట్‌కేసులు మా ఇంట్లోకి వచ్చిపోతూ ఉంటే, నేను పాత చీరలు మోస్తూ ఉండిపోయాను.

ఆ పిల్ల ఒకసారి స్విట్జర్లాండు పోయి వచ్చింది. మంచం మీద తాత పక్కన కూర్చుని ఫోన్లో వీడియో చూపించింది. ఎర్రటి రైలు, పైదాకా అద్దాల కిటికీలు, చుట్టూ ఆల్ప్స్ మంచుకొండలు. అది బెర్నినా లైను. 1910లో పూర్తయింది. మధ్యలో పళ్లపట్టా లేకుండా ఉత్త చక్రాల పట్టుతోనే 2,253 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. వెయ్యి మీటర్లు పోయేసరికి డెబ్బై మీటర్లు లేచేంత వాలు. మా విమానాశ్రయం తెరిచిన 2008లోనే యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పెద్దాయన చాలాసేపు చూశాడు. "బిడ్డా, పట్టాల నడుమ జాగ జూడు. మన తిమ్మాపూర్ చిన్న రైలు లెక్కనే లేదూ?"

"అవును తాతా! గదీ మీటర్‌గేజే."

"గిట్ల కొండల్ల నేను సుత పనిజేసిన" అన్నాడు పెద్దాయన.

ఆ పిల్లకు ఆ సంగతే తెలియదు. ఆయన నన్ను బయటికి లాగించి, గుడ్డమూట విప్పి, రాయిని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా సొట్ట మీద పెట్టింది. సరిగ్గా కూర్చుంది.

ఆ డిసెంబరులో ముగ్గురం విశాఖ పోయాం. "సందుగ లేకుంటే నేను రాను" అని పెద్దాయన పట్టుబట్టాడు మరి. పొద్దున్నే అరకు పోయే రైలు, పెద్దాయన పనిచేసిన ఆ లైను మీదే. అందులో అద్దాల బోగీ ఉంది. పెరంబూరు ఫ్యాక్టరీలో తయారైన ఆ విస్టాడోమ్ బోగీ 2017 ఏప్రిల్‌లో ఈ లైను మీదికి వచ్చింది. కుర్చీని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, తలెత్తితే ఆకాశం కనిపిస్తుంది. నన్ను పెద్దాయన కాళ్ల దగ్గరే పెట్టారు.

శృంగవరపుకోట దాటాక బొడ్డవర, ఆ తర్వాత కొండ మొదలు. మొదటి సొరంగంలోకి పోగానే బోగీలో పిల్లలు కేకలు పెట్టారు. పెద్దాయన మాత్రం తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ప్రతి చీకట్లోనూ ఆయన చేయి నా సొట్ట మీదికి వచ్చేది, వెలుతురు రాగానే పోయేది. ఒక సొరంగం విడిచీ విడవకముందే ఇంకొకటి. నడుమ రెప్పపాటు సేపు లోయ, అడుగున గోస్తనీ నది, ఎదురుగా ఖనిజం నింపుకుని మెల్లగా దిగుతున్న గూడ్సు. బొర్రా గుహలు దాటి శిమిలిగుడ చేరేసరికి 996 మీటర్ల ఎత్తు. ఆపైన అరకు లోయలో వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి.

"మంచు లేదు గానీ తాతా, గక్కడికంటె గిదే బాగుంది" అన్నది మనవరాలు.

నేనైతే రెండింటికీ పోటీ పెట్టను. ఆ ఎర్ర రైలుకైనా మా అద్దాల బోగీకైనా దారి ఇచ్చింది కొండను తొలిచిన మనుషులే. ఆల్ప్స్ రైలు పేరు ప్రపంచానికంతా తెలుసు. మన కనుమల రైలు మన పిల్లలకైనా తెలియాలి. సొరంగాల ముఖాన నంబర్లు చూశాను, కూలీల గుర్తుగా ఒక్క పలక కూడా నా కంట పడలేదు. శిమిలిగుడ ప్లాట్‌ఫారం మీద అలాంటి పలక ఒకటి పెట్టించమని రైల్వేవారికి నా మనవి. మీరు ఆ రైలెక్కే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఎక్కడెక్కడ పని చేశారో. మంచం కింద పాత సందుగ ఉంటే తెరిచి చూడండి.