గ్రామసభలో వినకూడని ఆరు సలహాలు

మంత్రాలయం, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో గ్రామసభ అనగానే కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. చెప్పేవాళ్లు ఊరి మంచి కోరేవాళ్లే. విసిగిపోయి చెబుతారు. అయినా స్థానికులకు ఉద్యోగాలు, కరెంటుకు నిధులు అనే రెండు విషయాల్లో ఆ మాట విన్న ఊరు నష్టపోతుంది. ఏటా సుగ్గికి, అంటే వేరే ఊళ్లకు పని వలసకు, పోయే కుటుంబాలు ఇంకా పోతూనే ఉంటాయి. అందుకే ఆ సలహాలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టాలి.

1. "సంతకం పెట్టి రాప్పా, తీర్మానం వాళ్లే రాసుకుంటారు."

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. సభ జరగడం ఒక ఎత్తు, పుస్తకంలో ఏం రాశారన్నది ఇంకో ఎత్తు. 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పదకొండో షెడ్యూలులో 14వ అంశం గ్రామీణ విద్యుదీకరణ, 15వ అంశం సంప్రదాయేతర ఇంధనం. అంటే కరెంటు గురించి మాట్లాడటం పంచాయతీకి పరాయి పని కాదు. తీర్మానం చదివి వినిపించాకే సంతకం పెట్టండి. నకలు అడిగి తీసుకోండి.

2. "75 శాతం చట్టం ఉంది, ఉద్యోగం దానంతటదే వస్తుంది."

2019 జూలైలో రాష్ట్ర శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. అప్పటికే నడుస్తున్న పరిశ్రమలకు మూడేళ్ల గడువిచ్చింది. తగినవాళ్లు దొరక్కపోతే ప్రభుత్వ సహకారంతో స్థానికులకు శిక్షణ ఇచ్చి తీసుకోవాలని అందులోనే ఉంది. మినహాయింపు అడిగే దారి కూడా ఉంది. అంటే పని తెలిసినవాళ్లు ఊళ్లో లేకుంటే ఆ శాతం కాగితం మీదే ఆగిపోతుంది. పైగా ఇలాంటి చట్టాలు కోర్టు గడప దాటాలి. హర్యానా చేసిన 75 శాతం చట్టాన్ని పంజాబ్-హర్యానా హైకోర్టు 2023 నవంబరు 17న కొట్టేసింది. శాతాన్ని నమ్ముకుని కూర్చోకండి. ఐటీఐ చదివినవాళ్లెందరు, వైరింగ్, వెల్డింగ్ వచ్చినవాళ్లెందరు అన్న జాబితా ముందు తయారు చేయండి. ఆ జాబితా చేతిలో ఉన్న సర్పంచి అడిగితే మనుషులు దొరకలేదనే మాట కంపెనీ నోట అంత తేలిగ్గా రాదు.

3. "మన ఊరోళ్లకే అని రాయండి, పక్కూరోళ్లు వద్దు."

రాజ్యాంగం 16(3) అధికరణ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగానికైనా, స్థానిక సంస్థ ఉద్యోగానికైనా నివాస షరతు పెట్టే చట్టం చేసే అధికారం పార్లమెంటుదే. మన రాష్ట్రానికి 371-డి అధికరణ ఉంది. దాని కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు జిల్లా, జోను లెక్కన స్థానికతను నిర్ణయించింది, ఊరి లెక్కన కాదు. ఊరి పేరుతో గోడ కట్టిన తీర్మానం నిలవదు.

నిలిచినా మనకే దెబ్బ. ఈ మండలాల జనం మిరప కోతకు గుంటూరు పోతారు, పత్తికి తెలంగాణ పోతారు, కట్టడం పనికి బెంగళూరు పోతారు. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికుల కోటా బిల్లుకు ఒప్పుకుని, గొడవ కాగానే పక్కన పెట్టింది. అలాంటిది అమలైతే ముందు గుండెలో రాయి పడేది మన వలస ఇళ్లలోనే. కాబట్టి వేరేవాళ్లను ఆపమని అడగకండి. ఖాళీల ప్రకటన ముందుగా మన పంచాయతీ బోర్డు మీద పెట్టమని, శిక్షణ మన దగ్గరే ఇవ్వమని అడగండి.

4. "సోలారు వస్తే చాలు, ఊరంతటికీ పని."

మన జిల్లా అనుభవం వేరే చెబుతోంది. ఓర్వకల్లు దగ్గర గని-శకునాల సోలార్ పార్కు వెయ్యి మెగావాట్లది, దాదాపు ఆరు వేల ఎకరాల్లో పరుచుకుని 2017లో పూర్తిగా ఉత్పత్తికి వచ్చింది. ఇలాంటి చోట్ల పని ఎక్కువుండేది కట్టేటప్పుడు. గుంతలు తవ్వాలి, స్తంభాలు నాటాలి, పలకలు బిగించాలి. కట్టడం అయిపోయాక పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా, కొద్దిమంది టెక్నీషియన్లు. అందుకే భూమి మాట వచ్చిన రోజే, కట్టడం అయ్యాక మిగిలే పనులేవో, వాటికి ఎవరిని తీసుకుంటారో రాయించుకోవాలి. 2015 నుంచి కేంద్రం నడిపిన సూర్యమిత్ర అనే సోలార్ పని శిక్షణ మూడు నెలలది, ఉచితం. ఇలాంటి శిక్షణకు మన పిల్లల పేర్లు పంపించాలని తీర్మానంలోనే ఉండాలి.

5. "పెద్ద గ్రాంటు వచ్చేదాకా ఆగుదాం."

చిన్న డబ్బు ఇప్పటికే తలుపు దగ్గర ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి మీద పెట్టే సోలార్ పలకలకు రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయల రాయితీ ఇస్తారు. ఇది ఇళ్లకే. తన పరిధిలో పెట్టించిన ఒక్కో ఇంటికి పంచాయతీకి 1,000 రూపాయల ప్రోత్సాహకం ఉంది. అదే పథకం కింద జిల్లాకొక ఆదర్శ సౌర గ్రామాన్ని పోటీలో ఎంచి కోటి రూపాయలు ఇస్తామని కేంద్రం చెప్పింది. పలకలు పెట్టకుండా ఆగిన ఊరు అలాంటి పోటీలో గెలవలేదు.

వీధి దీపాల బిల్లు సంగతీ ఇంతే. 2021-26 కాలానికి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి కట్టేశారు. ఆ నిధుల్లో ఊరి మిగతా అవసరాలకు మిగిలింది 40 శాతమే. పగలు వెలిగే ప్రతి దీపం అలాంటి డబ్బునే తింటుంది. దీపాలెన్ని, మీటర్లెన్ని, నెల బిల్లెంత అన్నది ప్రతి సభలో చదివించండి.

6. "సుగ్గికి పోయినోళ్లు ఎట్లాగూ రారు, వాళ్లను లెక్కలో వేయొద్దు."

ఆరింటిలోకీ ఎక్కువ చెడు చేసేది ఈ సలహా. ఉద్యోగ నియమం అవసరమైనవాళ్లే సభలో లేకపోతే ఆ నియమం ఎవరికోసం? పనుల మీద చర్చ, శిక్షణకు పేర్ల నమోదు, వాళ్లు ఇంటి దగ్గరుండే నెలల్లో పెట్టాలి. పోయేముందు ప్రతి ఇంటి నుంచి ఒక పేరు, ఒక ఫోను నంబరు పంచాయతీలో రాయించాలి. మూటాముల్లె కట్టుకుని పోయిన ఇంటికి కబురు అందే దారి ఉండాలి.

ఈ ఆరు మాటలకూ జవాబు ఒకే తీర్మానంలో పట్టేస్తుంది: ఏ పని, ఎంతమందికి, శిక్షణ ఎక్కడ, డబ్బు ఏ పద్దు నుంచి, ఏ తేదీకి, బాధ్యత ఎవరిది. ఈ ఆరు వివరాల్లో ఒక్కటి ఖాళీగా ఉన్నా సంతకం పెట్టకండి. వచ్చే సభలో మొదటి అంశంగా దాన్నే చదివించి, జరిగిందా లేదా అని అడగండి.