నూరేళ్లకు వెయ్యి శాతం

గాజువాకలో టీ తాగుతుంటే ఓ కుర్రాడు రంగుల కరపత్రం చేతిలో పెట్టాడు. 2025లో ఉక్కు కర్మాగారంలో వీఆర్ఎస్ డబ్బు తీసుకున్నవాళ్లు తిరిగే వీధులివి. ఇలాంటి కాగితాలకు ఇక్కడ కరువేముంది? పైన అరచేతి మందాన ‘ఏటా 10 శాతం రాబడి!’ అడుగున చీమకైనా కళ్లజోడు కావలసిన సైజులో ‘వడ్డీ 7 శాతం, మూడు నెలలకోసారి అసలుకి కలుపుతాం, గడువు 10 ఏళ్లు’.

“ఏడు పదెలా అయింది బాబూ?”

“సింపుల్ సార్. లక్ష కడితే పదేళ్లకి 2,00,160. అంటే లాభం 1,00,160. పదితో భాగించండి.”

భాగించాను. పది దాటింది! చక్రవడ్డీతో మేడెక్కి బారువడ్డీతో దిగడమన్నమాట. ఈ లెక్కన పదేళ్ల దగ్గరే ఆగడం పిరికితనం. అదే 7 శాతానికి ఇరవై ఏళ్లు ఉంచితే ‘ఏటా 15 శాతం’. ముప్పై ఏళ్లకి 23. నూరేళ్లు ఓపిక పడితే లక్ష కాస్తా పది కోట్లు దాటి ‘ఏటా 1,031 శాతం’ అవుతుంది. డిపాజిటరు బతికుండాలన్న నిబంధన కరపత్రంలో ఎక్కడా లేదు.

అసలు సంగతికొస్తే, మూడు నెలలకోసారి కలిపే 7 శాతానికి ఏడాదికి నికరంగా వచ్చేది 7.19. మొదటి ఏడు 7,186 రూపాయలు. పదో ఏడు 13,419 వస్తాయి గానీ, అవి లక్ష మీద కాదు, అప్పటికి పోగైన 1,86,741 మీద. నిజంగా ఏటా 10 శాతం చొప్పున పెరిగితే పదేళ్లకి 2,59,374 ఇవ్వాలి. మిగతా 59 వేలూ ఏ హుండీలో పడ్డాయి? పోస్టాఫీసుకి ఈ తెలివితేటలు లేవు పాపం. కిసాన్ వికాస పత్రం 115 నెలల్లో రెట్టింపవుతుందని చెప్పి, వడ్డీ 7.5 శాతమేనని రాసుకుంటుంది. ఈ కుర్రాణ్ణి అడిగితే 10.4 అని ముద్రించేవాడు.

పక్క బల్ల మీద పోర్టులో కాటా దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన అంతా విన్నాడు. “ఏటి బాబూ, లారీతో కలిపి తూచీసి అంతా బొగ్గే అంటన్నావా?”

కుర్రాడు నవ్వేశాడు. పెద్దాయన కరపత్రం తిరగేశాడు. వెనకవైపు ఆటో లోన్ల ప్రకటన: ‘మూడేళ్లకి 7 శాతం ఫ్లాట్ మాత్రమే!’ లక్షకి 21 వేల వడ్డీ, నెలకి 3,361 వాయిదా. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే. తగ్గే బాకీ మీద లెక్కేస్తే 13కి చేరువ.

“అయితే బాబూ, మీ దగ్గర పది ఏడవుద్ది, పదమూడూ ఏడవుద్ది. ఆ ఏడు తప్ప మీకింకో అంకె రాదేటి?”

కుర్రాడు అప్పటికే బస్టాపు వైపు సగం దూరం పోయాడు. టీ డబ్బులు పెద్దాయనే ఇచ్చాడు. ఇద్దరికీ కలిపి ఇరవై, ఫ్లాట్.