గాలి తీసే చేతులేవి?

కాలువలకి నీళ్లొదిలారంటే చాలు, కంకిపాడు చుట్టుపక్కల గొడవర్రు, పునాదిపాడు, ఈడుపుగల్లు, ఎటు వెళ్లినా దమ్ము చక్రాల చప్పుడే. అందరికీ ఒక్కసారే తొందర. ఆ తొందరలో ఏటా నా కంటపడేది ఒకటుంది, చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. బురదలో ట్రాక్టరు ఆగిపోయి ఉంటుంది. డ్రైవరు కుర్రాడు గట్టుమీద కూర్చుని బెజవాడ ఆటోనగర్ మెకానిక్కుని ఫోన్లో బతిమాలుతుంటాడు. కౌలు రైతు ముదిరిపోతున్న నారుమడి వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. ఏమైందిరా అంటే డీజిలు అయిపోయిందట, మళ్లీ పోశారట, ఇక స్టార్టవడం లేదట. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ కూడా దించేశారు.

గాలి పట్టింది, అంతే! మా రోజుల్లో ఈ మాత్రం దానికి బెజవాడ నుంచి మెకానిక్కుని పిలిపిస్తే ఊరంతా నవ్వేది.

డీజిల్ ఇంజనుకి నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని నలగ్గొడితే పుట్టే వేడికే నాజిల్ చిమ్మిన డీజిలు అంటుకోవాలి. పాత ఇంజన్లలో ఆ నాజిల్ నోరు తెరవాలంటే సుమారు 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి ఇచ్చేది ఫ్యూయల్ పంపు. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో ఈ పంపుల్ని పెద్ద ఎత్తున తయారు చెయ్యడం మొదలుపెట్టింది. మన దగ్గర 1951లో బెంగుళూరులో మైకో కంపెనీ పుట్టింది, ఆ తర్వాత పంపు అంటే మైకో అనేవాళ్లం. పంపు ఒక్కో దెబ్బకి తోసే డీజిలు ఒకటి రెండు చుక్కలకి మించదు. డీజిలు నొక్కితే నలగదు కాబట్టి ఆ తోపు తిన్నగా నాజిల్‌కి చేరుతుంది. ట్యాంకు ఖాళీ అయినప్పుడు దారిలో గాలి బుడగ చేరితే తోపంతా అదే మింగేస్తుంది. ఇక ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా దిగేది బ్యాటరీయే.

నేను ఈ పని నేర్చుకున్నది ఆయిల్ ఇంజను దగ్గర. కాలువ నీరందని చేలకి బోదెల్లోంచీ మురుగు కాలువల్లోంచీ నీళ్లు తోడింది అవే. కిర్లోస్కర్ ఉండేది, రాజ్‌కోట్ నుంచి వచ్చే లిస్టర్ రకం, పీటర్ రకం ఉండేవి. 1930 ప్రాంతంలో ఇంగ్లండులో వచ్చిన లిస్టర్ నమూనానే రాజ్‌కోట్ వాళ్లు దశాబ్దాల పాటు పోతపోశారు. ట్యాంకు పైన, పంపు కింద. కుళాయి తిప్పి, ఫిల్టరు మీది మరని కాస్త వదులు చేస్తే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేని డీజిలు ధార. ధార పడుతుండగానే మర బిగించాలి. ఆగాక బిగిస్తే చేసిందంతా దండగ. తర్వాత పంపు మీది మర, అదీ అంతే. ఆఖర్న పంపు చేతిమీట కొట్టాలి. మొదట్లో మీట ఖాళీగా ఆడుతుంది. గాలి పోయేకొద్దీ బరువెక్కుతుంది, ఒక దెబ్బకి నాజిల్ దగ్గర కిర్రుమంటుంది. ఆ కిర్రు కోసం చెవి దగ్గర పెట్టుకుని కూర్చునేవాళ్లం. అది వినపడితే ఇంజను సిద్ధమైనట్టే. డీకంప్రెషన్ మీట ఎత్తి, హ్యాండిల్ తగిలించి, ఫ్లైవీలు వేగం అందుకోగానే మీట వదిలెయ్యడమే. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి. చుట్టూ బిగించి పట్టుకుంటే ఇంజను ఎదురు తన్నినప్పుడు వేలు విరుగుతుంది. మణికట్లు విరిగినవాళ్లనీ చూశాను. హ్యాండిల్ పోయి సెల్ఫ్ వచ్చినందుకు నాకేమీ బెంగ లేదు, పోవలసిందే. గాలి తీసే విద్య కూడా దాంతో పాటే ఎందుకు పోవాలి?

ట్రాక్టరులో ఇంకో రెండు మెట్లు ఎక్కువ. పాత ఇంటర్నేషనల్ బి-275 కానీ, మాస్సీ 1035 కానీ, 1971 నుంచి హెచ్‌ఎంటీ వాళ్లు చేసిన జెటార్ 2511 కానీ, డీజిలు ఫిల్టర్లు దాటి పంపుకి చేరాలి. మధ్యలో ఫీడ్ పంపు ఉంటుంది. దానికి చేత్తో కొట్టే మీటో, విప్పి పైకీ కిందికీ ఆడించే పిడో ఉంటుంది. ట్యాంకు వైపు నుంచి ఇంజను వైపుకి రావాలి: ఫిల్టర్లు, పంపు, చివరికి నాజిల్ నట్లు. మీట పట్టు లేకుండా ఆడితే క్యామ్ ఎత్తు మీద ఆగిందని అర్థం, ఇంజనుని ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టాలి. నాజిల్ నట్లు అర చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొడితే డీజిలు ఉబుకుతుంది, బిగించెయ్యడమే. ఒక్కటి మాత్రం మరవకూడదు. డీజిలు చిమ్మే చోట చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి చర్మంలోకి దిగిపోతుంది, అది ఆస్పత్రి దాకా వెళ్లే గాయం.

రెండు పానాలు, ఒక గుడ్డపేలిక, ఓ పావుగంట. అరటి తోటల్లో, పసుపు చేలల్లో తిరిగే పవర్ టిల్లరుకైతే ఆ పావుగంట కూడా అక్కర్లేదు, ఒకటే సిలిండరు.

గాలి తీశాక గంటకే మళ్లీ పడుతుంటే రాగి వాచరు నలిగిందో, గొట్టం కీలు వదులైందో వెతకాలి. పీల్చే వైపు ఉన్న సందు ఇంజను నడుస్తున్నప్పుడు డీజిలు కార్చదు, గాలి పీలుస్తుంది. అందుకే కంటికి దొరకదు, చేత్తో తడిమి పట్టుకోవాలి. అసలు గాలి పట్టేదాకా రానివ్వకపోవడమే పెద్దల పద్ధతి. సాయంత్రం బండి కట్టెయ్యగానే ట్యాంకు నింపేవాళ్లు. ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ చేరి తెల్లారేసరికి డీజిల్లో నీళ్లు దిగుతాయి. డ్రమ్ము తెస్తే ఓ రాత్రి కదపకుండా ఉంచి, పైనుంచి తోడి, గుడ్డ వేసి వడగట్టి పోసేవాళ్లు. ఇప్పుడు మురికి ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చి, పొలం గట్టు మీదే, చక్రాల బురద ఆరకముందే పోసేస్తున్నారు.

“తాతయ్యగారూ, ఇవి మీ కాలం బండ్లు కావు” అంటారు కుర్రాళ్లు. అందులో సగమే నిజం. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకి పొగ నిబంధనలు మారాయి, వాటిలోకి కామన్ రైల్ ఇంజన్లు వచ్చాయి. అక్కడ ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. వాటి నాజిల్ గొట్టాలు విప్పమని నేను ఎవరికీ చెప్పను, ఎవరు చెప్పినా వినొద్దు. పుస్తకంలో రాసినట్టు ప్రైమర్ నొక్కడమో, తాళం తిప్పి కాసేపు ఆగడమో, అంతే. కానీ మన ఊళ్లలో దమ్ము చేసే బండ్లలో ఎక్కువ 50 హార్స్‌పవర్ లోపువే. వాటిలో చాలా వాటికి ఇప్పటికీ ఆ మరలూ, ఆ పానాలే. బండి మారలేదు, నడిపేవాడి చేతులే మారాయి.

గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది, మంచిదే. కంకిపాడు కౌలు రైతు దమ్ములు వదిలేసి అనంతపురం జిల్లా దాకా ఎలా పోతాడు? మనకి ఘంటసాలలో, గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. కాలువలకి నీళ్లొదిలే ముందు ఒక్క పూట డ్రైవర్లని పిలిచి, పాత ఇంజను ఒకటి ముందు పెట్టి, ఒక్కొక్కరి చేతా గాలి తీయించమనండి. డీలర్లకీ ఒక మాట. బండి ఇచ్చేరోజు దండ వేస్తున్నారు, కొబ్బరికాయ కొట్టిస్తున్నారు, ఫొటో తీస్తున్నారు. అలాగే ఫ్యూయల్ పంపు దగ్గర ఆ మరలు ఉన్న బండైతే, ట్యాంకు కుళాయి కట్టి ఇంజను ఆగేదాకా నడపండి. కొనుక్కున్నవాడికి పానా ఇచ్చి, అతని చేతే గాలి తీయించి స్టార్టు చేయించండి. తాళం చెవి ఆ తర్వాత ఇవ్వండి.